మా పాచి మేడమ్

అమావాస్య వెళ్లిన మర్నాడు పొద్దున్నే, మిర్యాలగూడ ప్లాంటులో గేజి ముందు నిలబడి ఉండగా ఫోన్ మోగింది. తెర మీద మేడమ్ పేరు ఉంది. ఆమెకు చెప్పాల్సిన మాట అప్పటికే నా నోట్లో సిద్ధంగా ఉంది. ఎత్తగానే "మేడమ్, ముల్లు..." అని మొదలుపెట్టాను.

అవతల ఉన్నది మేడమ్ కాదు, ఆమె చెల్లెలు. "అక్క పోయిందమ్మా," అన్నది. "తెల్లారుతుండగా పోయింది."

నా వెనక ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ నడుస్తోంది. ఆ చప్పుడు ఆమెకూ వినపడినట్టుంది. "అది నడుస్తానే ఉందా?" అని అడిగింది. నడుస్తోందన్నాను. ఫోన్ పెట్టేసింది.

సూర్యాపేటలో ఆమె దగ్గర డిగ్రీ చదివినవాళ్లు ఇది చదివేవాళ్లలో కొందరైనా ఉంటారు. వాళ్లకు సూక్ష్మజీవశాస్త్రం మేడమ్ అంటే చాలు. తెలియనివాళ్ల కోసం నాకు గుర్తున్నంత రాస్తున్నాను. గుర్తున్నదంతా అట్లాగే జరిగిందా అని నాకు ఎప్పుడూ ఒక అనుమానం ఉంటుంది. ఆ అనుమానాన్ని పెంచి పోషించింది కూడా ఆమే.

మొదటి క్లాసులో ఆమె పుస్తకం తెరవలేదు. వరండాలో మేం తాగే నీళ్ల డ్రమ్మును ఖాళీ చేయించి, ఒక్కొక్కరినీ పిలిచి, లోపలి గోడను చేత్తో తడమమంది.

"ఎట్లుంది?"

"జారుతుంది మేడమ్."

"ఛీ, జిగట జిగటగా ఉంది మేడమ్."

"రోజూ మీరు తాగేది ఇందులోవే. అదేంటో తెలుసా? బయోఫిల్మ్. పరీక్షలో అట్లా రాయండి, మార్కులొస్తయి. మనసులో మాత్రం పాచి అనుకోండి, జన్మంతా గుర్తుంటది. పొద్దున మీ పళ్ల మీద ఉండేది, బావిగట్టు మీద కాలు జారేది, ఈ డ్రమ్ములోది, అన్నీ ఒక్క జాతే. గుంపు కట్టి, జిగురు కప్పుకుని కూర్చుంటయి."

ఆ రోజు నుంచి ఆమె పాచి మేడమ్ అయింది. ఒకసారి వెనక బెంచీలో ఎవడో "ఒరేయ్, పాచి మేడమ్ వస్తోంది" అన్నాడు. ఆమె గుమ్మంలో ఆగి, "వచ్చింది గానీ, నువ్వు పళ్లు తోముకుని వచ్చినవా?" అని అడిగి, ఏమీ జరగనట్టు హాజరు తీసుకుంది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్లినా, మంచినీళ్లు ఇస్తే తాగే ముందు గ్లాసు లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసేది. ఇంటివాళ్ల ముఖం మాడిపోయినా పట్టించుకునేది కాదు. "మా అక్కను పిలవాలంటే జనం బిందెలు దాచిపెట్టుకోవాలి," అని చెల్లెలు నవ్వేది. ఆ చెల్లెలు హుజూర్‌నగర్‌లో బడిపంతులమ్మగా పనిచేసింది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. కోదాడలో, తల్లిదండ్రులు చర్చి బడిలో పాఠాలు చెప్పుకుంటూ కట్టుకున్న ఇంట్లోనే ఉన్నారు.

నేను ఆమె చెప్పిన పాఠం మీదే బతుకుతున్నాను. మిర్యాలగూడలో కొన్ని బియ్యం మిల్లులు కలిసి కట్టుకున్న మురుగునీటి శుద్ధి ప్లాంటుకు నేను ఇన్‌చార్జిని. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానబెట్టి ఉడికించిన నీళ్లు మాకు వస్తాయి. గోధుమరంగులో, గంజితో చిక్కగా ఉంటాయి. ఒక్క పూట నిలవుంటే పులిసి కంపు రోడ్డు దాకా కొడుతుంది. మా ట్యాంకులో గాలి ఊదుతూ పెంచే సూక్ష్మజీవులు ఆ గంజిని తినేస్తాయి. తిన్న తర్వాత నీటిని వాటి నుంచి వేరు చేయాలి. అందుకు మెంబ్రేన్లు ఉంటాయి. సేమ్యా కట్టల్లా వేలాడే తెల్లటి సన్నని గొట్టాలు అవి. వాటి గోడల నిండా కంటికి ఆనని రంధ్రాలు. పంపు లోపలి నుంచి పీలిస్తే నీరొక్కటే లోపలికి వస్తుంది, సూక్ష్మజీవులు బయట ఉండిపోతాయి.

ఉండిపోతే బాగానే ఉండేది. అవి ఆ గొట్టాలను పట్టుకుని పాచి కడతాయి. అప్పుడు అవే నీళ్ల కోసం పంపు ఇంకా గట్టిగా పీల్చాలి. ఎంత గట్టిగా పీలుస్తోందో గేజిలో ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత దాటితే పంపు ఆపేయాలి. పంపు ఆగితే ట్యాంకు నిండుతుంది. నిండితే పులిసిన నీళ్లు వాగులోకి దిగుతాయి.

ఈ యాసంగి వరికి నార్లు పోసుకున్న రోజుల్లో ఒకసారి దిగాయి. వాగు కింది ఊళ్ల రైతులు ట్రాక్టరు నిండా మట్టి నింపుకుని వచ్చారు. ఒక పెద్దావిడ కుళ్లిన నారు గుప్పెడు నా చేతిలో పెట్టింది.

"సూడు బిడ్డా. సదువుకున్నదానివి గదా. ఇది నారా, పేడనా?"

నేను ఆ నారును కింద పడేయలేక అట్లాగే పట్టుకున్నాను.

"మల్ల పోసుకున్నం. అప్పు తెచ్చి గింజలు తెచ్చినం. ఇంకొక్కసారి మీ నీళ్లు గిట్ల దిగినయంటే మీ కాల్వ నోట్ల మట్టి కొడతం. ఎవడొస్తడో రానీ."

ఉత్త బెదిరింపు కాదు. ఆ ట్రాక్టరు మట్టిని మా నీళ్లు బయటికి పోయే కాలువ పక్కనే పోసి వెళ్లారు. ప్రతిరోజూ గేటు దాటగానే ఆ ఎర్రమట్టి కుప్ప కనిపించేది. కాలువ మూస్తే మిల్లులు ఆగుతాయి, మిల్లులు ఆగితే హమాలీలకు పని ఉండదు. మూయకపోతే, ముల్లు మళ్లీ ఎర్రగీత దాటితే, ఆ పెద్దావిడ రెండో నారు కూడా పోతుంది.

మేం చేస్తున్నది ఒక్కటే. ముల్లు లేచినప్పుడల్లా క్లోరిన్ మందుతో మెంబ్రేన్లను కడగడం. కడిగితే ముల్లు దిగేది. కానీ ప్రతిసారీ మొన్నటికంటే కొంచెం పైన ఆగేది, మొన్నటికంటే ముందే మళ్లీ లేచేది. మిల్లుల సెక్రటరీ గారి సలహా కూడా ఒక్కటే. "మందు పెంచున్రి మేడం. పాచికి దయ ఏంది?"

మేడమ్‌కు అప్పటికే రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయి. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు చెల్లెల్ని తోడు తీసుకుని సూర్యాపేట వచ్చేది. మా ఇల్లు సూర్యాపేటలోనే కాబట్టి డ్యూటీ అయ్యాక బస్సు దిగి నేరుగా అక్కడికి వెళ్లేదాన్ని. ఆమె చేతి నరాలు పనికిరాకుండా పోవడంతో మెడ కింద ఒక పైపు పెట్టారు. రక్తం అందులోంచి వెళ్లి, మిషన్‌లో శుభ్రమై, తిరిగి అందులోంచే వచ్చేది. ఆ కుర్చీలో పడుకునే నా గోడు వినేది.

మందు ఎంత వేస్తున్నావని ఆమె అడగలేదు. "ఎప్పుడు?" అని అడిగింది.

"ఎప్పుడంటే ఏంటి మేడమ్?"

"ముల్లు రోజూ కొంచెం కొంచెం లేస్తదా, ఒకేసారి దూకుతదా?"

"దూకుతది మేడమ్. మిల్లులు ఒకరోజు ఆగి మళ్లీ మొదలైన పొద్దున. నీళ్లు ఒక్కసారిగా వస్తాయి కదా, అందుకు."

"అందుకే అని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అంతే అయి ఉంటుందని..."

"అంతే అయి ఉంటుందని పరీక్షలో రాసుంటే నీకు సున్నా వేసేదాన్ని," అని కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి కళ్లు తెరవకుండానే, "రేపు నాకు మిషన్ లేదు. నీ మిషన్ చూద్దాం," అన్నది.

చెల్లెలు మండిపడింది. "ఏంటే ఇది? మెట్లెక్కలేనిదానివి, మిర్యాలగూడ పోతావా?"

"మెట్లు లేవు గదా అక్కడ?" అని నన్నడిగింది మేడమ్. ఉన్నాయి. లేవని చెప్పాను.

మర్నాడు కారులో వచ్చింది. ట్యాంకు ఎక్కలేకపోయింది. కింద బ్లోయర్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. మెంబ్రేన్ల వైపు చూడనేలేదు. బ్లోయర్‌నే చూస్తోంది. దాని మీద పసుపు, కుంకుమ బొట్లు, కట్టిన నిమ్మకాయలు ఎండి నల్లబడ్డాయి. మా ఆపరేటర్ సైదులును పిలిచింది.

"బాగా చూసుకుంటున్నావయ్యా మిషన్ని. కొబ్బరికాయ ఎప్పుడు కొడతవు?"

సైదులు ముఖం వెలిగిపోయింది. "అమాస అమాసకు కొడత మేడం. ఆ దినం హమాలీలెవ్వరు రారు, మిల్లులు బందు. మనకు నీళ్లు రావు. పొద్దుగాల్నే బ్లోయర్ ఆపి, తుడిసి, నూనె పోసి, పూజ జేసి, పొద్దు గూకినంక మల్ల చాలు జేస్త. దానికి గూడ జర రెస్టు ఉండాలె గద."

మేడమ్ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. మా సొంతూరు ఆత్మకూర్ (ఎస్)లో అమావాస్య నాడు నాగలి కట్టరు, ప్రయాణం చేయరు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. మిషన్ ఆపడం నా కంటికి ఆపినట్టే కనిపించలేదు. పైగా మా రికార్డుల్లో తేదీలే ఉంటాయి, తిథులు ఉండవు. అమావాస్య ఒక్కో నెల ఒక్కో తేదీన వస్తుంది.

"మా ఇంట్లో క్యాలెండర్‌కు ఆదివారాలే ఎరుపు," అన్నది మేడమ్, నా మనసు తెలిసినట్టు. "నాకు అమాస కొత్త. అందుకే కనపడింది. నువ్వు సిగ్గుపడకు, ఆలోచించు. పగలంతా గాలి లేదు, తిండి లేదు. లోపల ఉన్నవి ఏం చేస్తయి?"

"భయపడతాయి మేడమ్."

"భయపడితే?"

"జిగురు వదులుతాయి. గొట్టాల మీదికి చేరి దాక్కుంటాయి."

"తెల్లారి నువ్వు పంపు పూర్తిగా తెరిచి, వేడి గంజి ఒక్కసారిగా పోస్తవు. ఆ జిగురునంతా గొట్టాలకు నువ్వే పీల్చి అతికిస్తున్నవు. ఆ మీద మందు. మందుకు పై పొర చస్తది. చచ్చి ఎక్కడికి పోతది? అక్కడే ఉంటది. బతికినవి దాన్ని తిని మళ్లీ ఇల్లు కట్టుకుంటయి." ఊపిరి అందక కొంచెం ఆగింది. "చంపడం తర్వాత. ముందు కుదురుగా కూర్చోనీయకుండా చూడు."

ఆమె చెప్పిన పద్ధతి చాలా మామూలుది. అమావాస్య నాడు గాలి ఆపకూడదు. ముందురోజు నీళ్లు కొన్ని ఆపి ఉంచుకుని ఆ రోజంతా సన్నధారగా వదలాలి. పంపు మెల్లగా పీల్చాలి, మధ్యమధ్యలో పీల్చడం మానేసి ఉత్త గాలితో గొట్టాలను ఊగనివ్వాలి.

సైదులు ఒప్పుకోలేదు. "నడిసే మిషన్‌కు పూజెట్ల జేస్తరు మేడం? తప్పు గాదా?"

"నీ పుట్టినరోజుకు మీ ఆవిడ నీ గుండె ఆపి బొట్టు పెడతదా?"

సైదులు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

సెక్రటరీ గారు నవ్వలేదు. ముల్లు అప్పటికే ఎర్రగీతకు దగ్గరలో ఉంది. ఆయన గేజి అద్దం మీద రెండు వేళ్లు ఆనించి ఆ సందు చూపించాడు. "గింతే ఉన్నది. అమాస ముంగట మందు గొట్టి కడగకుంటే, తెల్లారి దూకిందంటే ఖతం. పానం బాగలేని మనిషి మాట పట్టుకొని ప్లాంటును పణం పెడతవా?"

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? అదే మాట మేడమ్‌ను అడుగుదామని వెళ్లిన సాయంత్రం ఆమె కుర్చీలో వణికిపోతోంది. మిషన్‌కు కలపగానే చలిజ్వరం పట్టుకుంది. దుప్పట్లు కప్పి చెల్లెలు పైన చేతులతో అదుముతోంది.

"నా పైపుకూ పాచి పట్టింది," అన్నది మేడమ్, పళ్లు కొట్టుకుంటుండగా. "మందులెక్కిస్తున్నారు. పై పొర చస్తది."

"మేడమ్, అచ్చం మన ట్యాంకులో..." అని నేను ఏదో అనబోయాను.

"పోలికలు పెట్టకు. పిచ్చిపని అది. ట్యాంకు ఆగితే అన్ని ఊళ్ల నారు పోతది. నేను ఆగితే మా చెల్లి ఏడుస్తది, అంతే."

"అంతేనా?" అన్నది చెల్లెలు. "ఒళ్లు కాలిపోతుంటే ఇద్దరూ కలిసి మురికినీళ్ల ముచ్చట. మీకసలు బుద్ధుందా?" ఆ తిట్టులో నన్ను కూడా కలిపినందుకు, ఎందుకో, నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అడిగేశాను, అమావాస్యకు ముందు కడగాలా వద్దా అని.

మేడమ్ దుప్పట్లోంచి ముఖం బయటపెట్టింది. "గొట్టాలు వంచి చూసినవా?"

"పెళుసెక్కాయి మేడమ్. మందుకు."

"ఇంకోసారి కడిగితే తెగొచ్చు. తెగితే ముల్లు దిగుతది, అందరూ సంతోషపడతారు, మురికి మాత్రం శుభ్రమైన నీళ్ల పేరుతో వాగులోకి పోతది. కడగకపోతే దూకొచ్చు. ఏది అయినా నీ చేతులతో చేస్తవు. నన్ను అడ్డం పెట్టుకోకు."

నేను కడగలేదు. ధైర్యంతో కాదు. కడిగితే ఏం జరుగుతుందో తెలుసు, కడగకపోతే ఏం జరుగుతుందో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే కొంచెం ఆశ ఉందనిపించింది. ఇది శాస్త్రం చదివిన మనిషి చెప్పాల్సిన కారణం కాదని నాకు తెలుసు.

డాక్టర్లు ఆమె మెడ పైపు మార్చారు. జ్వరం తగ్గిందని ఇంటికి పంపారు. అమావాస్య వచ్చింది. సైదులు బ్లోయర్ ఆపకుండానే బొట్టు పెట్టాడు. మిషన్ అదురుతుంటే కుంకుమ ఒక గీతలా సాగింది. కొబ్బరినీళ్లు మా ఇద్దరి మీదా చిందాయి. మధ్యాహ్నం ఆ పెద్దావిడ వచ్చి, లోపలికి రాకుండా, మట్టి కుప్ప పక్కన కూర్చుని కాలువలో పారుతున్న నీళ్లను చూసింది. దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. "రేపు సూస్త," అని వెళ్లిపోయింది.

పొద్దుగూకే వేళ మేడమ్ ఫోన్ చేసింది. గొంతు సన్నగా ఉంది. జ్వరం మళ్లీ వచ్చిందని చెప్పలేదు. "బ్లోయర్ చప్పుడు వినిపించు," అన్నది. ఫోన్ అటు పట్టుకున్నాను. "ఊ. పొద్దున మిల్లులు మొదలైనాక ముల్లు ఎక్కడుందో చెప్పు. ఎంత పొద్దున అయినా సరే."

ఆ మాటే చివరిది.

ఇది రాసేనాటికి ఇంకో అమావాస్య రాలేదు. మట్టి కుప్ప అక్కడే ఉంది, దాని మీద గడ్డి మొలుస్తోంది. కింది ఊళ్లలో నాట్లు మొదలయ్యాయి. "ఈసారి గూడ నడిపిద్దమా మేడం?" అని సైదులు అప్పుడే అడుగుతున్నాడు. నడిపిద్దామంటున్నాను. గాలి వల్ల నిలబడిందో, ఆ పొద్దున మిల్లులు మెల్లగా మొదలైనందుకో, చలికాలం మారినందుకో నేను ఒట్టేసి చెప్పలేను. ఒక్క పొద్దు చూసి మురిసిపోతే ఆమె నాకు సున్నా వేసేది.

ఆమె పోయిన ఆ ఉదయం హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కాను. వెళ్లేసరికి వాకిలి నిండా ఆమె పాత విద్యార్థులు. లోపల కొందరు ఆడవాళ్లు గొంతు తగ్గించి పాట పాడుతున్నారు. అద్దం మూత ఉన్న ఐసు పెట్టెలో ఆమె, తెల్లచీరలో, చిన్నగా కనిపించింది. చెల్లెలు ఏడవడం లేదు. నన్ను చూసి లేచి వచ్చింది.

"రాత్రి మాట పడిపోయే ముందు నాతో అన్నది. నీ ఫోనొస్తే ముల్లు ఎక్కడుందో కనుక్కోమన్నది. పొద్దున నీకు నేనే ఫోన్ చేసి కూడా అడగలేకపోయిన."

నేను చెప్పబోయాను.

"నాకెందుకు? దానికి చెప్పు," అని నా చెయ్యి పట్టుకుని పెట్టె దగ్గరికి తీసుకుపోయింది.

చుట్టూ అంతమంది ఉన్నారు. అద్దానికి దగ్గరగా వంగాను. "మేడమ్, ముల్లు నిన్నటి గీత మీదే ఉంది. జరగలేదు."

నా ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టి ఆమె ముఖం కనపడకుండా పోయింది. చెల్లెలు కొంగుతో తుడిచింది. మళ్లీ పట్టింది. ఆమె మళ్లీ తుడిచింది.